చల్లారని పెనం, సొట్టపడ్డ గిన్నె

ఆ ఏడు కెనడాలోని కాల్గరీలో గది ఉందా అని రోజూ ఎవరో ఒక స్టూడెంట్ ఫోన్ చేసేవారు. మా బేస్‌మెంట్‌లో ఒక కాకినాడ పిల్లని పెట్టుకున్నాం. లోహాల చదువు చదువుతోంది. పొయ్యి ఆపడం రెండుసార్లు మరిచిపోయిందని నా కూతురు ఒకరోజు తేల్చి చెప్పేసింది: "కిచెన్‌లో ఇంకొక్కటి జరిగితే రూమ్ ఖాళీ చేసెయ్యాలి." ఆ మంచులో ఆ పిల్లకి ఇంకో గది దొరకదని మా ముగ్గురికీ తెలుసు.

మర్నాడు పొద్దున దోసెలు పోసి పొయ్యి కట్టేశాను. పోత ఇనుప పెనం దాని మీదే వదిలేశాను. అది నా తప్పు. మనవరాలు ఆకలికి ఏడుస్తోంది. ఆ పిల్ల పాలు వెచ్చచేసి వెండి ఉగ్గుగిన్నెలో పోసింది. నా కూతురు పసిదిగా ఉన్నప్పుడు తాగిన గిన్నె అది. నేను డైపర్ మారుస్తుంటే, ఈలోగా పాలు చల్లారకూడదని, పెనం గోరువెచ్చగా ఉంటుందనుకుని గిన్నెని దాని మీద పెట్టింది. పొగ లేదు, సెగ కనబడదు. ఏమీ ఎరగనట్టు నల్లగా కూర్చుంది పెనం.

పోత ఇనుము ఎంత తీరిగ్గా వేడెక్కుతుందో, అంత తీరిగ్గానే ఆ వేడిని వదులుతుంది. వెండికి ఆ ఓపిక లేదు. అడుగున తగిలిన వేడిని అప్పటికప్పుడే అంచుదాకా పాకిస్తుంది.

గిన్నె ఎత్తిందో లేదో, "అమ్మో!" అని వదిలేసింది. పాలు నేలపాలు. గిన్నె ముక్కు లోపలికి నొక్కుకుపోయింది.

"అమ్మమ్మగారూ, అక్కకి చెప్పకండి. ప్లీజ్." నా కూతుర్ని అక్క అనేది.

"ఇనుము తొందరగా చల్లారదని నీ పుస్తకంలో లేదూ?"

"ఉంది. మొన్న ఎగ్జామ్‌లో రాశా కూడా."

"బాగానే రాశావు. ముందు చెయ్యి నీళ్ల కింద పెట్టు."

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. లోహాల సంగతి చేతులకి ఎప్పుడో తెలుసు. ఒకసారి గడప మీద జారవిడిచిన పెనం పెంకులా రెండు ముక్కలైంది. పోత ఇనుము వంగదు, పగులుతుంది. వెండి వంగుతుంది, అందుకే మళ్లీ దారికొస్తుంది. పప్పుగుత్తి కాడకి గుడ్డ చుట్టి లోపలినుంచి నొక్కాను. బలం ఎక్కువైతే చీలిపోతుంది. ముక్కు తెరుచుకుంది గానీ చిన్న సొట్ట మిగిలింది.

మధ్యాహ్నం కూతురు వచ్చి గిన్నె చేతిలోకి తీసుకుంది. వేలు సొట్ట దగ్గర ఆగింది.

"ఏమైంది దీనికి?"

ఆ పిల్ల కాలిన చెయ్యి వెనక్కి దాచుకుంది.

"వేడి పెనం వదిలేసింది నేను," అన్నాను. "అంత వేడుందని తెలియక దాని మీద గిన్నె పెట్టింది. చెయ్యి కాలి వదిలేసింది. ఖాళీ చేయించాలంటే ముందు నన్ను చేయించు."

"నిన్నెక్కడికి పంపనమ్మా?"

"ఆ పిల్లని ఎక్కడికి పంపుతావో అక్కడికే."

నా కూతురు నవ్వలేదు. చాలాసేపు గిన్నెని తిప్పి తిప్పి చూసింది. చివరికి, "ఏదీ, చెయ్యి చూపించు," అంది ఆ పిల్లతో. రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. మందు తెచ్చి తనే రాసింది.

ఆ పిల్ల చదువయ్యేదాకా ఆ గదిలోనే ఉంది. నేను మాత్రం పొయ్యి కట్టగానే పెనం కాడకి ఎర్రగుడ్డ కట్టడం మొదలుపెట్టాను. చల్లారిందని నమ్మకం కుదిరాకే విప్పుతాను.