చివరి పేజీ నుంచి చదివే అక్క

ఆ మధ్యాహ్నం పీలమేడులో మా కాలేజీ ల్యాబులో ఉన్నవి ఇవి: నూలు బలం కొలిచే యంత్రం, రెండు కంప్యూటర్లు, నేను రాసిన పరిశోధన పత్రం, నేను, మా సీనియర్ అక్క. చుట్టూ అంతా తమిళమే; ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం అక్కడ మేమిద్దరమే.

ఆమె ఏ పత్రాన్నైనా చివరి పేజీలోని రిఫరెన్సుల నుంచే చదివేది. ఒక్కో పేరు కింద చూపుడువేలు పెట్టి మెల్లగా దిగేది. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఎవుర్నెవుర్ని పిలిచినారో చూస్తే ఆ ఇల్లు ఎట్లాంటిదో తెలిసిపోతుంది తంబీ" అంది.

తడి నూలు బలం కొలిచే పద్ధతి ఆమె కనిపెట్టిందే. నాకు నేర్పిందీ ఆమే. ఆమె కాంట్రాక్టు ఉద్యోగం పర్మనెంటు కావాలంటే, ఆ పద్ధతి మీద తను రాసిన పత్రాన్ని ఎందరు ఉదహరించారో చూపాలి. కానీ మా గైడు సార్ నాతో తమిళంలో, "మనూరి లేడీస్ పేరు పెడితే రివ్యూయర్ లెక్క చేయడు. ఫారిన్ ప్రొఫెసర్‌ది పెట్టు" అన్నారు. ఆమె పేరు తీసేసి, ఆమె తర్వాత అదే పద్ధతి వాడిన విదేశీ ప్రొఫెసర్ పేరు పెట్టాను. నిమిషం కూడా పట్టలేదు.

ఆ మధ్యాహ్నం నా పత్రం చివరి పేజీలో ఆమె వేలు చివరి పేరు దాకా దిగి ఆగింది. మళ్లీ మొదటి నుంచి దిగి, ఆ విదేశీ ప్రొఫెసర్ పేరు దగ్గర నిలిచింది.

"నీకు నేర్పింది ఈయనా?"

"సార్ చెప్పినారు అక్కా."

"సరి. పదకొండో దాంట్లో సంవత్సరం తప్పు పడుండాది, దిద్దుకో."

దిద్దాను. పత్రం అచ్చయింది. రిఫరెన్సులు మొత్తం నలభై రెండు. ఆమెవి సున్న.