బస్రా నుంచి మద్రాసుకు పది రోజులన్నాను

ఒక మాట మింగలేక, కక్కలేక ఇన్నేళ్లు బతికాను. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

యుద్ధం రోజుల్లో నేను గురజాలలో బడిపంతుల్ని. పక్కింట్లో ఖాసింబీ ఉండేది. ఆమె భర్త మస్తాను లారీ మెకానిక్కు. పటాలంలో చేరి బస్రా వెళ్లాడు. ఆయన ఉత్తరాలన్నీ నేనే చదివి వినిపించేవాణ్ణి. నన్ను అన్నా అని పిలిచేది.

ఒక శనివారం ఇంగ్లీషులో తంతి వచ్చింది. మస్తానుకు జబ్బు ముదిరింది, సోమవారం బస్రాలో విమానం ఎక్కించి మద్రాసు మిలిటరీ ఆస్పత్రికి తెస్తున్నారు. మా అరుగు మీద నలుగురూ చేరారు. ఖాసింబీ ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"అన్నా, ఆడ ఎక్కితే మద్రాసులో దిగటానికి ఎన్నాళ్లు పట్టుద్ది? ముందే పోతే ఆ ఊళ్లో నేను యాడుండాల?"

నాకు తెలియదు. తెలియదంటే ఏం పోయేది? నలుగురి ముందు నోరు రాలేదు. అట్లాసు తెచ్చి దారం పెట్టి కొలిచాను. బస్రా నుంచి కరాచీ, కరాచీ నుంచి మద్రాసు. రెండు వేల నాలుగు వందల మైళ్ల దాకా తేలింది. దూరం సరిగానే కొలిచాను. కాలం సంగతే తెలియదు. ఓడకు పట్టే రోజుల్లో సగం వేసి, "పది రోజులమ్మా. పై బుధవారం రైలెక్కితే సరిపోతుంది" అన్నాను.

"సరే అన్నా. నువ్వు చెప్పావుగా."

అక్కడిదాకా అది తెలివితక్కువతనం. తప్పు తర్వాత చేశాను.

ఆయన విమానం ఎక్కిన సోమవారం పోయి, ఆ బుధవారమే, బడిలో మాటల మధ్య హెడ్మాస్టరు గారన్నారు: దారిలో రాత్రి ఆగినా విమానం రెండు రోజుల్లో మద్రాసు చేరుతుందని. అంటే మస్తాను ఈపాటికే దిగి ఉంటాడు. సాయంత్రం రైలుకు పంపితే మర్నాటికి ఆమె అక్కడుంటుంది. పరుగున వెళ్లాను కూడా. గుమ్మంలో కూర్చుని మస్తాను చొక్కాకు బొత్తాలు కుడుతోంది.

"ఏందన్నా?"

ఏమీ లేదన్నాను. అరుగు మీద ఆ నలుగురే కూర్చుని ఉన్నారు. పంతులు తప్పు చెప్పాడంటారని. అంతే. ఇంకే కారణమూ లేదు, ఎంత వెతికినా దొరకలేదు. పోనీ గురువారం చెప్పొచ్చు కదా? శుక్రవారం? రోజు గడిచేకొద్దీ, ఆలస్యంగా ఎందుకు చెప్పావంటే ఏమనాలన్న భయం కూడా తోడై, నా నోరు మరింత మూసుకుపోయింది.

ఆమె చేరేసరికి మస్తానును పూడ్చి మూడు రోజులైంది. చివరిదాకా స్పృహలోనే ఉన్నాడట. తలుపు చప్పుడైనప్పుడల్లా తల తిప్పి చూశాడట.

తిరిగొచ్చి నన్నే అడిగింది. "ఇమానం అంత తొందరగా ఎట్టా వచ్చిందన్నా?"

"గాలి కలిసొచ్చిందమ్మా" అన్నాను.

నమ్మింది. "నువ్వేం చేస్తావులే అన్నా, నా రాత" అని నన్నే ఓదార్చింది.

తర్వాత బెల్లంకొండలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. చెప్పేద్దామని రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ అన్నం పెట్టింది. తినేసి వచ్చాను. నిరుడు పోయిందని కబురొచ్చింది. ఇక ఎవరి కాళ్లు పట్టుకోను? మిమ్మల్ని క్షమించమనడం లేదు. అది మీ చేతిలో లేదు. నాకు తెలిసీ చెప్పలేదు. ఈ మూడు ముక్కలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాను.