తెల్లరాళ్ళలో తెల్లపువ్వు

మంగళవారం మధ్యాహ్నం రెండుంబావుకి డెలీన్ బ్యూక్స్ ఒక తెల్లపువ్వు వెనక ఉన్న తెల్లరాళ్ళను నూటికి నలభై పాళ్ళు చీకటి చేసింది.

పొద్దుటినుంచీ ఆ ఒక్క ఫొటో మీదే కూర్చుని ఉంది. పువ్వు తెలుపు, చుట్టూ పరుచుకున్న పలుగురాళ్ళు తెలుపు, వాటి మీద కాసే ఎండ తెలుపు. పువ్వును ఇంకా తెల్లగా చేయబోతే రేకుల మీది సన్నగీతలు చెరిగిపోయి సున్నపు ముద్దలా తయారవుతుంది. అందుకని పువ్వు జోలికి పోకుండా, దాని చుట్టూ ఉన్న వెలుగును మెల్లమెల్లగా దించుకుంటూ రావాలి. ఈ పని ఆమె తమ ఊళ్ళో పెళ్ళి ఫొటోలు తీస్తూ నేర్చుకుంది. వాన్‌రైన్స్‌డార్ప్‌లో పెళ్ళికూతుళ్ళందరూ తెల్లగౌను వేసుకుని, సున్నం కొట్టిన చర్చి గోడ ముందే నిలబడేవాళ్ళు.

ఇప్పుడామె పెళ్ళిళ్ళకు పోవడం లేదు. ఆరేళ్ళుగా ఎరువుల కొట్టు వెనక రెండు గదుల్లో నడిచే మొక్కల రక్షణ సంఘంలో ఫొటోల పని చూస్తోంది. ఏడాదికోసారి కొత్త కాంట్రాక్టు కాగితం రాస్తారు. సంఘాన్ని నడిపే హెస్టర్ లాంప్రెక్ట్ ఉండేది కేప్‌టౌన్‌లో. ముందు రోజు ఆమె ఫోన్ చేసి, పువ్వు రాళ్ళలో మునిగిపోయిందనీ, కనిపించని పువ్వును కాపాడమంటే ఎవరూ ముందుకు రారనీ గట్టిగానే చెప్పింది. మూడుగంటలకు ఆ ఫొటో సంఘం పేజీలో పెట్టాలి.

ఆ మొక్కను అక్కడివాళ్ళు పాపపిర్రలు అంటారు. రాళ్ళ మధ్య నున్నగా, బూడిదరంగులో, బొటనవేలంత రెండు ఉబ్బులు, అంతే. ఊదాపూలు పూసేవీ పసుపుపూలు పూసేవీ ఆ మైదానంలో చాలాచోట్ల ఉన్నాయి. తెల్లగా పూసేది ఒకే ఒక్క గుట్టవాలు మీద ఉంది, నూట ఎనభై ఏడు మొక్కలు. నిరుడు వేరే వాలు మీద ఊదాపూల మొక్కల్ని ఎవరో స్క్రూడ్రైవర్లతో పెకలించి గోనెసంచుల్లో వేసుకుపోయారు. నాలుగు వందల గుంటలు మిగిలాయి. ఆ మొక్కలు అమ్ముడుపోయి, సముద్రాలు దాటి ఎవరి కిటికీల్లోనో తేలతాయి. అందుకే సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. ఏ ఫొటోలోనూ కొండగీత, కంచె, గేటు కనబడకూడదు. నేల తప్ప ఏమీ ఉండకూడదు.

డెలీన్ ఆ ఫొటోను బోర్లా పడుకుని తీసింది. పువ్వు వెనక రాళ్ళు, వాటి వెనక మసకగా ఏదో తెల్లటి వెలుగు. కంచె లేదు, కొండగీత లేదు. రెండు నలభైకి పంపించి టీ పెట్టుకుంది.

బుధవారం తొమ్మిదింటికి ఊమ్ సారెల్ వచ్చాడు. ఊమ్ అంటే బాబాయి, ఊరంతా అలాగే పిలుస్తుంది. డెబ్భై దాటినవాడు. నలభై ఏళ్ళు ఆ గుట్టల్లో గొర్రెలు కాశాడు. ఇప్పుడూ సొంతంగా ఓ పాతిక గొర్రెలున్నాయి, వాటి వెంట తిరుగుతూనే సంఘం తరఫున మొక్కలకు కాపలా ఉంటాడు. వారానికోసారి తన లెక్కపుస్తకం చూపించడానికి వస్తాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, కంప్యూటర్ మీది పువ్వును కాసేపు చూశాడు.

"మీ ఔమా గీకే రాయి దగ్గరే తీశావన్నమాట," అన్నాడు.

డెలీన్ నవ్వింది. అందులో ఆ బండే లేదు, ముసలాడికి చూపు తగ్గిందనుకుంది.

సారెల్ వేలిగోరు ఫొటో ఎడమమూలకు ఆనించాడు. నిన్నటిదాకా వట్టి వెలుగుగా ఉన్నచోట ఇప్పుడు ఒక మసక బండ ఉంది. దాని మీద పైనుంచి కిందికి గోధుమరంగు చార, సగంలో రెండుగా చీలి ఉంది.

"మోకాలి ఎత్తులో చీలుతుంది చూడు. ఈ చార వేరే ఏ రాయి మీదుందో చెప్పు."

అది డాసీల చార. కుందేలంతేసి ఉండే ఆ జంతువులు తరతరాలు ఒకేచోట ఉచ్చపోస్తాయి. అది రాతి మీద లక్కలా గట్టిపడుతుంది. ఆడవాళ్ళు దాన్ని కత్తితో గీకి, మరిగించి, నడుంనొప్పికీ మూత్రం మంటకీ తాగిస్తారు. డెలీన్ వాళ్ళ నానమ్మ, అందరికీ ఔమా, ఏడాదికి రెండుసార్లు ఆ బండ దగ్గరకు వెళ్ళేది. ఆమె వెనక డబ్బా పట్టుకుని నడిచింది డెలీనే. చుట్టుపక్కల మూడు ఊళ్ళలో ఆ రాయిని చూడని ఇల్లు లేదు. దొంగలకు మొక్కలు తవ్విపెట్టే కూలీలు వచ్చేదీ ఆ ఇళ్ళనుంచే.

తీసినప్పుడు ఫొటోలో అక్కడ ఏమీ కనబడలేదు. ఎండకు బండంతా తెల్లటి వెలుగులో కలిసిపోయి ఉంది. పువ్వు కోసం ఆ వెలుగును దించింది ఆమె. దించేకొద్దీ చార పైకి తేలింది. నాలుగు గంటలు పువ్వునే చూస్తూ కూర్చుంది కాబట్టి మూలకు కన్ను పోలేదు.

పేజీ తాళం హెస్టర్ దగ్గర ఉంది. హెస్టర్ మీటింగులో ఉంది. డెలీన్ తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. పదకొండు పదికి ఫొటో తీసేశారు. అప్పటికి దాన్ని రెండువేల మందికి పైగా చూశారు.

సారెల్‌ను కారులో ఎక్కించుకుని గుట్టకు బయల్దేరి, పెట్రోలు బంకు దగ్గర ఆగితే, గోడ నీడలో నిలబడ్డ డెన్వర్ కనిపించాడు. ఆమె చిన్నాన్న కొడుకు. నిరుడు గోనెసంచులు మోసినందుకు మూడు నెలలు లోపలున్నాడు. కిటికీ దగ్గరకు వచ్చి తన ఫోన్ చూపించాడు. అందులో ఆమె ఫొటో ఉంది.

"బాగా తీశావక్కా. చార కూడా భలే పడింది."

ఎవరు పంపారని అడిగింది. పొద్దున ఒక తెల్ల పికప్ వచ్చిందన్నాడు. ఇద్దరు మనుషులు, కేప్‌టౌన్ నంబరు. ఈ చార ఎక్కడుందో చూపిస్తావా అని అడిగారట.

"నువ్వేం చెప్పావు?"

"నేను ఔమాకి మనవణ్ణి కానా? తెలీదన్నాను." నోట్లో ఉన్న పుల్ల ఉమ్మేశాడు. "వాళ్ళు అడిగింది నన్నొక్కణ్ణేనా ఏమిటి? ముందు టీ కొట్టు దగ్గర కూడా ఆగి వచ్చారు."

గుట్టకు వెళ్ళే దారిలో ఫోన్ పలికే ఆఖరి చోటు ఒక ఇనుపగేటు. అక్కణ్ణుంచి డెలీన్ మళ్ళీ హెస్టర్‌తో మాట్లాడింది. పోలీసులు బయల్దేరారు గానీ, మూడు లోపు చేరరట. పూలు మాత్రం ఒకటిన్నరకల్లా విచ్చుకుంటాయి. మొగ్గగా ఉన్నంతసేపూ ఆ మొక్క రాయో మొక్కో దేవుడికే తెలియాలి. విచ్చుకుంటే వెతికేవాడి కంటికి దొరికిపోతుంది.

"అయితే మొగ్గలు తుంచేస్తాను," అంది డెలీన్.

హెస్టర్ గొంతులో కరుకుదనం వచ్చింది. వాన సరిగ్గా పడడానికి నాలుగేళ్ళు ఎదురుచూశామనీ, ఈ ఏడు గింజ పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదనీ చెప్పింది. "పువ్వు మీద చెయ్యి పడిందంటే వచ్చే ఏడాది కాగితం గురించి మనం మాట్లాడుకోనక్కర్లేదు. అర్థమైందా?"

అర్థమైందని చెప్పి డెలీన్ ఫోన్ కారులో పెట్టేసింది.

పన్నెండుంబావుకి మొదలుపెట్టారు. సారెల్ పైనుంచి, ఆమె కిందినుంచి, మోకాళ్ళ మీద. చలికాలపు ఎండ వీపు మీద వెచ్చగా ఉన్నా రాళ్ళు మోకాళ్ళను గీరుతున్నాయి. ప్రతి మొక్క చోటూ సారెల్‌కు తెలుసు. ఫలానా రాయి పక్కన రెండు, దాని కింద ఐదు అని చెబుతుంటే ఆమె గోళ్ళతో మొగ్గ నులిమి ఎనామిల్ కప్పులో వేసింది. ఎన్నో ఏళ్ళుగా ఆమె పని తెల్లపువ్వును కనబడేలా చేయడం. గంటసేపు దానికి పూర్తిగా ఎదురుపని చేసింది. కప్పు నిండేసరికి ఒకటింబావు అయింది. అప్పుడే గేటు వైపు దుమ్ము లేచింది.

సారెల్ కర్ర తీసుకుని, వాలు పక్కనే మేస్తున్న తన గొర్రెల దగ్గరకు నడిచాడు. డెలీన్ కప్పు మీద రుమాలు కప్పి, బండ దగ్గర కూర్చుని, సారెల్ ఇచ్చివెళ్ళిన చాకుతో చార గీకడం మొదలుపెట్టింది. చాకు జారి బొటనవేలు తెగింది.

ఇద్దరు దిగారు. ఒకడి చేతిలో ఫోన్, రెండోవాడి భుజాన సంచి. ఈ ఊరివాళ్ళు కారు. మొక్కల సంగతి తెలిసినవాళ్ళలానూ లేరు, ఫొటోను చూస్తూ అడుగులు వేస్తున్నారు. ఫొటోలో పువ్వు ఉబ్బుల్ని పూర్తిగా కప్పేసింది కాబట్టి కింద మొక్క ఎలా ఉంటుందో వాళ్ళకు తెలియదు. తెల్లపూలు ఎక్కడున్నాయి పెద్దాయనా అని అడిగారు.

"పూలా? నా గొర్రెలకి గడ్డే లేదు, నీకు పూలు కావాలా?" అన్నాడు సారెల్.

ఫోనువాడు చార చూపించాడు. ఇదే కదా రాయి అన్నాడు.

"రాయి ఇదే. డాసీ ఉచ్చ. నడుం పట్టేస్తే వాడతారు. కావాలంటే ఆవిడ పక్కన కూర్చుని నువ్వూ గీక్కో, నేనేం అడ్డు చెప్పను."

సంచివాడు నవ్వాడు. ఫోనువాడు నవ్వలేదు. ఇద్దరూ విడిపోయి వాలంతా తిరగసాగారు. ఒకడి బూటు నాలుగు మొక్కల మీదుగా పోయింది, వాడికి తెలియలేదు. డెలీన్ గీకుతూనే ఉంది.

అప్పుడు కనిపించింది. ఆమెకు పది అడుగుల దూరంలో, పొద్దున నీడలో ఉండి ఇద్దరి చేతికీ తప్పిపోయిన మొగ్గ ఒకటి ఎండ తగిలి విచ్చుకుంటోంది. తెల్లగా, రేకు రేకూ లేస్తోంది. ఆ ఒక్కటి చాలు. దాన్ని ఎత్తి కింద ఉబ్బుల్ని చూస్తే, మిగతావి చేతికి తెలిసిపోతాయి. ఫోనువాడు అటే వస్తున్నాడు.

డెలీన్ కప్పు పట్టుకుని లేచింది. నడుం మీద చెయ్యి వేసుకుని, ఔమా నడిచినట్టు నాలుగడుగులు నడిచి, పువ్వు మీద కూలబడింది. గౌను చుట్టూ పరుచుకుంది.

వాడు ఆమె ముందు ఆగాడు. కప్పులో ఏముందన్నాడు.

"మా ఆయన మూత్రానికి మందు. వాసన చూస్తావా?" అని కప్పు ముందుకు చాపింది.

వాడు చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. రుమాలు ఎత్తలేదు. వాడి కళ్ళు ఆమె వేలి రక్తం మీదా, గౌను అంచు మీదా కాసేపు నిలిచాయి. ఆమె కదలలేదు. కింద ఒక రాయి తొడకు గుచ్చుకుంటోంది. వెనకనుంచి సంచివాడు, ఇది కాదురా, వేరే గుట్టేమో, ఆ టీ కొట్టువాడు మనల్ని ఆడించాడు అని అరిచాడు. ఇంకో పావుగంట తిరిగారు. ఆ పావుగంటా ఆమె అక్కడే కూర్చుంది.

పికప్ దుమ్ము గేటు దాటాక సారెల్ వచ్చి చెయ్యి అందించాడు. పువ్వు నేలకు అతుక్కుపోయి ఉంది. ఉబ్బులు మాత్రం చెక్కుచెదరలేదు. డెలీన్ దాన్నీ తుంచి కప్పులో వేసింది.

పోలీసులు మూడుంబావుకి వచ్చి, పికప్ నంబరు రాసుకుని వెళ్ళారు. గేటు దగ్గర ఫోన్ పలకగానే జరిగింది జరిగినట్టు హెస్టర్‌కు చెప్పింది డెలీన్. హెస్టర్ ఆమెను సోమవారం కేప్‌టౌన్ రమ్మంది, కప్పుతో సహా.

కారు ఎక్కే ముందు సారెల్ బానెట్ మీద లెక్కపుస్తకం పరిచి, పెన్సిల్ ముక్క నాలుకకు తడిచేసుకుని రాశాడు. మొక్కలు 187. పూలు 0.