అక్క వంపు, నా కుళ్ళు

ఆ రోజుల్లో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే మిగతావాళ్ళు జాలిపడేవారేమో గానీ, నేను మాత్రం కుళ్ళుకునేదాన్ని. మా అక్కకి పదమూడో ఏట వెన్ను కాస్త పక్కకి వంగిందని తేలింది. వంపు తక్కువే, బెల్టూ ఆపరేషనూ అక్కర్లేదు, ఎదిగే వయసు కనుక వంపు పెరగకుండా రోజూ వ్యాయామాలు చేయిస్తూ, అప్పుడప్పుడు ఎక్స్‌రే తీయించి చూసుకుంటే చాలు అన్నారు డాక్టరు గారు. ఆ మాటతో మా ఇంట్లో నా రాజ్యం (చిన్నదాన్నని అప్పటిదాకా హాయిగా ఏలిన రాజ్యం) కూలిపోయింది. వ్యాయామం వీడియోలు చూసుకోవాలని నాన్న కొత్త టచ్ ఫోను అక్క చేతికి వెళ్ళింది. బరువు మోయకూడదని (డాక్టరు అనలేదు, నాన్న తీర్మానం) దాని పుస్తకాల సంచీ నా భుజానికి వచ్చింది. ప్రతి శనివారం ఆమదాలవలస నుంచి ఆటోలో శ్రీకాకుళం, ఫిజియో మేడం దగ్గర గంటసేపు ఒక పక్కకి పడుకుని ఊపిరి పీల్చడం, ఆనక మసాలా దోసె. ఊపిరి పీల్చినందుకు దోసె! నేను పుట్టినప్పటి నుంచి ఉత్తినే పీలుస్తున్నాను.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండించింది గుండు. మాది ఇనుప సామాన్ల కొట్టు. గోడ నిటారుగా లేచిందో లేదో చూడ్డానికి మేస్త్రీలు దారం కట్టి వేలాడదీసే గుండు ఉంటుంది కదా, ఆదివారం పొద్దున్నే నాన్న ఆ దారాన్ని అక్క మెడ వెనక పట్టుకుని, గుండు నడుం మధ్యకి వచ్చిందా, పక్కకి పోయిందా అని చూసేవాడు. "ఇది కొలత కాదండీ" అని మేడం చెప్పినా మానలేదు. జీవితమంతా మేస్త్రీలతో వ్యాపారం చేసిన మనిషికి ఎక్స్‌రే కన్నా గుండు మీదే గురి. చూశాక దాని వీపు మీద అరచెయ్యి వేసి, "అలాగే ఉన్నాది తల్లీ, పెరగనేదు" అనేవాడు. ఆ అరచెయ్యి నా వీపు మీద పడేది అల్లరి చేసినప్పుడే.

ఒక ఆదివారం నేనూ ఎడమ భుజం దించి, నడుం పక్కకి తోసి, "నాకూ సూడు నాన్నా" అని నిలబడ్డాను. గుండు పక్కకి పోయింది. మళ్ళీ పట్టాడు, మళ్ళీ పోయింది. నాన్న మేకుల బస్తా మీద కూలబడి, "ఏటే, సిన్నదానికి కూడానా?" అన్నాడు అమ్మతో. ఆ పూట అన్నం ముట్టలేదు. నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అంతలో దోసె గుర్తొచ్చింది.

శనివారం అక్కతో పాటు నన్నూ తీసుకెళ్ళారు. మేడం నన్ను ముందుకి వంగమని, వీపంతా తడిమి చూసి, "ఏదీ, ఇంట్లో ఎలా నిలబడ్డావో అలా నిలబడమ్మా" అంది. నేను ఎంతో శ్రద్ధగా కుడి భుజం దించాను.

"ఇంటికాడ ఎడమది కదే!" అన్నాడు నాన్న.

మేడం నవ్వు ఆపుకుంది. అక్క ఆపుకోలేదు. దెబ్బ పడుతుందని నేను కళ్ళు మూసుకున్నాను. నాన్న నా వీపు మెడ నుంచి నడుం దాకా నిమిరి, "ఏటీ నేదు కదండీ? నిజంగా ఏటీ నేదు కదా?" అని మేడాన్ని మూడుసార్లు అడిగాడు. ఆ తర్వాతే నా వైపు తిరిగి, "ఎందుకు సేసావే అమ్మీ?" అన్నాడు.

"నాకెప్పుడూ గుండు పట్టనేదు కదా" అని బావురుమన్నాను.

దోసె దొరికింది, దాంతోపాటు శిక్షా పడింది. రోజూ అక్కతో కలిసి వ్యాయామాలు చెయ్యాలి. "ఊపిరి సరిగ్గా పీల్సవే, దొంగవంపూ" అని అక్క నా మీద పెత్తనం చేసేది (ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తుంది). దాని ఎదుగుదల ఆగేదాకా, నాలుగేళ్ళు చేశాం. వంపు పోలేదు, ఉన్నచోటే ఆగింది. అదే గెలుపు అంది మేడం.

ఇప్పుడు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని నిజంగా వంగిపోయింది నేనే. మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు కొట్లో నాన్నకి వీపు తిప్పి నిలబడి, "ఓసారి పట్టు నాన్నా" అన్నాను. కళ్ళజోడు సవరించుకుని దారం పట్టాడు. ఎంతసేపటికీ గుండు కుదురుగా నిలవలేదు.

"కదలకే అమ్మీ, ఊగుతన్నాది" అన్నాడు.

నేను కదలడం లేదు. ఎదురుగా అమ్మకానికి పెట్టిన బీరువా అద్దంలో, వణుకుతున్న నాన్న చెయ్యి కనిపిస్తూనే ఉంది. "అలాగే నాన్నా" అని ఇంకాస్త బిగుసుకుని నిలబడ్డాను. తొందరేం లేదు, ఇన్నాళ్ళకి నా వంతు వచ్చింది.