డిస్కులాయన చేసిన కాపీ

కళ్ళద్దాల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే ఆయనకి వీధిలో పేరు డిస్కులాయన. వెంట్రుకవాసి తేడా వచ్చినా అద్దం పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టే మనిషి. ఆ ఓపికలో మిగిలిందంతా ఇంట్లో టీవీ కింద ఉన్న చెప్పుల స్టాండులో కనిపిస్తుంది. చెప్పులు ఏనాడో గుమ్మం బయటికి పోయాయి. ఆ అరల్లో ఇప్పుడు ఆయన సొంతంగా బిగించిన కంప్యూటరు, రెండు ఫ్యాన్లు, మూడు హార్డ్ డిస్కులు కాపురం చేస్తున్నాయి. సినిమాలు, పాటలు, ఇంటి వీడియోలు అన్నీ అందులోంచే టీవీకి వస్తాయి.

మొదటి డిస్కు కొన్నప్పుడు "ఇక ఈ జన్మకి చాలు" అన్నాడు. రెండోది కొన్నప్పుడూ అదే మాట. మూడోదానికి భార్య, "మీకు ఎన్ని జన్మలండీ?" అని అడిగింది.

నాలుగోది మాత్రం ఆవిడే కొనమంది. ఎందుకంటే మూడో డిస్కులో వాళ్ళ నాన్న ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ఒకే రూటులో బస్సు నడిపిన మామగారు, రిటైరైన రోజున కుర్చీలో కళ్ళు మూసుకుని, స్టాపులన్నీ వరసగా చెప్పిన వీడియో అది. ఆయన పోయాక మిగిలిన గొంతు అదొక్కటే. ఫోన్లో చోటు చాలక, అల్లుడే దాన్ని డిస్కులోకి మార్చాడు. నెలకోసారి అత్తగారు వచ్చి చూసుకుని వెళ్తుంది.

"ఆ డిస్కు కాస్తా చెడితే?" అంది భార్య.

"ఇంకోటి తెచ్చి, దీన్ని ఉన్నదున్నట్టు అందులోకి దించేస్తా. ఇక పిడుగు పడ్డా భయం లేదు."

తెచ్చాడు. అరలో ముచ్చటగా ఉండాలని అచ్చం పాతదానిలాంటిదే తెచ్చాడు. అదే కంపెనీ, అదే సైజు, అదే నలుపు. ఆదివారం పొద్దున్నే రెండూ తగిలించాడు. ఏ డిస్కు నుంచి ఏ డిస్కుకి అని కంప్యూటరు అడిగితే, మాకు తెలీదా అన్నట్టు నొక్కాడు. కాపీ దిగే డిస్కులో ఉన్నదంతా పోతుంది, సరేనా అని అది మర్యాదగా మళ్ళీ అడిగింది. సరే అన్నాడు. కొత్త డిస్కులో పోవడానికి ఏముంది గనక!

మధ్యాహ్నం దాకా తెర మీద గీత పెరుగుతుంటే, పొయ్యి మీద పాలకి కాపలా ఉన్నట్టు కూర్చున్నాడు. గీత సగం దాటాక, ఎంతవరకు దిగిందో చూద్దామని కొత్త డిస్కు తెరిచాడు. ఖాళీ. అప్పుడు తెలిసింది. పొద్దుటి నుంచీ ఆయన శూన్యాన్ని, ఒక్క ముక్క కూడా పోనివ్వకుండా, మామగారి మీద పరుస్తున్నాడు.

ప్లగ్గు పీకేశాడు.

ఇలా ఇంట్లో కంప్యూటర్లు బిగించుకునే వాళ్ళకి ఫోన్లో ఒక గ్రూపుంది. అందులో రాశాడు: "మా ఫ్రెండ్ ఒకాయన పొరపాటున ఖాళీ డిస్కుని నిండు డిస్కు మీదికి కాపీ చేశాడు. దారేమైనా ఉందా?"

"ముందు మీ ఫ్రెండ్‌ని మంచినీళ్ళు తాగమనండి" అన్నారొకరు. "పోయినేడు మా ఫ్రెండూ ఇదే చేశాడు" అన్నారింకొకరు. "మావాడు రెండుసార్లు చేశాడు" అన్నారు మూడోవారు. ఆఖరికి గ్రూపులో అందరికంటే పెద్దవాడైన రిటైర్డ్ టెలిఫోన్ లైన్‌మన్ నేరుగా ఫోన్ చేశాడు.

"ఏమయ్యా ఫ్రెండూ! ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకు. ఉన్నదున్నట్టు మా ఇంటికి పట్రా."

"తెస్తానండీ. ఇంట్లో ఏం చెప్పమంటారు?"

"నిజం చెప్పు. దానికి సాఫ్ట్‌వేర్ లేదు."

చెప్పాడు. బట్టలు మడతపెడుతున్న భార్య చేతులు ఆగిపోయాయి.

"నాన్న వీడియో?"

"సగం డిస్కు చెరిగింది. అది ఏ సగంలో ఉందో తెలీదు."

ఆవిడ తిట్టలేదు. తిడితే బతికిపోయేవాడు. "వచ్చే ఆదివారం అమ్మొస్తుంది. మీరే చెప్పుకోండి" అని, మడతపెట్టిన చీరే మళ్ళీ విప్పి మడతపెట్టింది.

లైన్‌మన్ గారి యంత్రం ఆ డిస్కుని అయిదు రోజులు గాలించింది. ఆదివారం సాయంత్రం డిస్కులాయన పెన్ డ్రైవు పట్టుకుని, టీవీ ముందు కూర్చున్న అత్తగారి ఎదుట నిలబడ్డాడు.

"అత్తయ్యా, తప్పు నాదే. మొదటి సగం పోయింది. పంతొమ్మిదో స్టాపు నుంచే ఉంది."

ఆవిడ అల్లుడి వైపు తిరిగింది.

"పంతొమ్మిదంటే గడియారం స్తంభం కదూ? దాని ముందువి నాకు రావనుకున్నావా నాయనా? ఆయన నిద్రలో కూడా అప్పజెప్పేవారు." కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకుంది. "డిపో గేటు... పాల కేంద్రం... పాత వంతెన... ఆస్పత్రి..."

"కలప అడితి వదిలేశావమ్మా" అంది కూతురు.

"అక్కడెవరూ ఎక్కరు, దిగరు. మీ నాన్న ఆపేవారే కాదు."

కూతురికి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. అప్పటికే ఫోన్ పైకెత్తి తల్లిని రికార్డు చేస్తోంది. పద్దెనిమిదో స్టాపు అయ్యాక అత్తగారు కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తింది.

"ఇప్పుడు పెట్టు."

అల్లుడు నొక్కాడు. టీవీలోంచి మామగారి గొంతు అందుకుంది: "గడియారం స్తంభం..."

భార్య రికార్డింగు ఆపలేదు. ఫోన్‌ని తల్లి మీద నుంచి మెల్లగా టీవీ వైపు తిప్పుతూ, పక్కనున్న మొగుడితో గుసగుసగా అంది:

"ఇది నా ఫోన్లో, అమ్మ ఫోన్లో ఉంటుంది. మీరు మాత్రం ముట్టుకోకండి."

ఆయన బుద్ధిగా తలూపి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మిగిలిన స్టాపులన్నీ విన్నాడు.