పెదవులు మాత్రమే ఆమెవి

ఎనభైలలో నేను న్యూజెర్సీలో ఒక నర్సింగ్ హోమ్‌లో నర్సుగా చేసేదాన్ని. అందరూ ముసలివాళ్ళే. వాళ్ళలో ఒకావిడ ఒకప్పటి సినిమా తార. తొమ్మిది సినిమాల్లో నటిస్తే ఒక్కటి ఆడింది, అదీ ఒక పాట వల్ల. తర్వాత స్టూడియోవాళ్ళు వద్దనుకున్నారు. ఇద్దరు మొగుళ్ళూ వదిలేశారు. బట్టల దుకాణంలో ఇరవై ఏళ్ళు టోపీలు అమ్మి, తుంటి ఎముక విరిగి మా దగ్గర చేరింది. చూడడానికి వచ్చే దిక్కు లేదు.

ఆమెకు మిగిలింది ఆ పాటే. శనివారం భోజనాలయ్యాక హాల్లో ఆ రికార్డు వేసేవారు. నేను లిప్‌స్టిక్ వేసి చక్రాల కుర్చీలో తీసుకెళ్ళేదాన్ని. ఆమె ఒక్క మాట తప్పకుండా పెదవులు కదిపేది. ముసలివాళ్ళు చప్పట్లు కొట్టేవారు. ఆవిడ గర్విష్ఠి, సూప్ చల్లారిందని నన్ను తిట్టేది. అయినా నాకు ఇష్టమే.

ఒకరోజు తల దువ్వుతుంటే, ఆ పాటలో గొంతు తనది కాదని మెల్లగా చెప్పింది. నాకేమీ వింతనిపించలేదు. మన సినిమాల్లో ఏ హీరోయిన్ పాడింది గనక? రేడియోలో పాడినవాళ్ళ పేరు చెప్పి మరీ వేస్తారు. చెప్పేముందు ఆమె తలుపు వేయిస్తే, చలికనుకున్నాను.

ఆ శనివారం కొత్తగా చేరిన ఒక పెద్దాయన, రికార్డు లేకుండా ఒకసారి పాడమని పట్టుబట్టాడు. ఆమె జలుబంది. ఆయన వదల్లేదు. ఆదుకుందామని నేను కల్పించుకున్నాను.

"ఆవిడ నటించారంతేనండీ. పాడింది వేరే ఆవిడ."

అందరూ ఆమె వైపు తిరిగారు. ముందు వరసలో ఒక ముసలావిడ అడిగింది.

"మరి పాడినావిడ పేరేమిటి?"

"తెలీదు. వాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు," అంది ఆమె.

తర్వాత గదిలో ఆమె మంచం పక్కన కూర్చుని బతిమాలాను. మా దేశంలో ఇది తప్పే కాదన్నాను.

"ఇక్కడ దీన్ని మోసం అంటారు," అని అటు తిరిగి పడుకుంది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఇంట్లో చెప్పుకుని ఏడిస్తే మావారు విసుక్కున్నారు.

"నీకెందుకే ఆవిడ సినిమా గొడవ? డ్యూటీ చేసుకుని రాక."

మరుసటి శనివారం ఆమె లిప్‌స్టిక్ తనే వేసుకుంది. కానీ హాలుకి రానంది. ఎవరైనా పిలవడానికి వస్తారేమోనని తలుపు వైపే చూస్తోందని నాకు అర్థమైంది. హాల్లో రికార్డు వేశారు. పాట ఆమె గదిదాకా వినిపించింది. ఆమె పెదవులు కదపలేదు. పాట అయిపోయాక చప్పట్లు ఎప్పటిలాగే మోగాయి.

"నా గురించి అడిగారా?" అంది సాయంత్రం.

అడిగారన్నాను. ఆమె నమ్మలేదు.