రెండో గేరు పంచాయితీ

నా చిన్నప్పుడు మొఘల్‌పురాలోని మా ఇంట్లో అన్నదమ్ములిద్దరు మాట్లాడుకోవడం మానేశారు. ఒకరు మా నాన్న, ఇంకొకరు మా బాబాయి. పొలమో ఇల్లో కారణమనుకుంటారేమో, కాదు. మా తాతయ్య వదిలిపోయిన ముసలి మోటార్ సైకిల్. అది నాకంటే నాకని కొట్లాడుకుంటే, ఇంటి పెద్దలు కూర్చుని ఒక తీర్పు చెప్పారు. ఒక వారం నాన్న దాని మీద నయాపూల్ దగ్గరి ఆఫీసుకు వెళ్ళాలి, మరుసటి వారం బాబాయి తను పూజారిగా ఉన్న గుడికి వెళ్ళాలి. ఆ తీర్పు చెప్పినవాళ్ళకు బుద్ధి లేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఒకరు తాళంచెవి గూట్లో పడేసి పోవడం, ఇంకొకరు వచ్చి తీసుకోవడం. మధ్యలో మాట లేదు.

కొన్నాళ్ళకు బండి రెండో గేరులో నిలవనంది. గేరు వేసి యాక్సిలరేటర్ తిప్పగానే లోపల టక్కుమనేది, గేరు ఊడిపోయేది, ఇంజన్ ఊరికే అరిచేది. పాతబస్తీ గల్లీల్లో బండి నడిచేదే రెండో గేరు మీద. తోపుడుబండ్లు, మేకలు, రిక్షాల మధ్య మూడోది వేసే సందెక్కడిది? ఒకరోజు వెనకాల లారీ ఉండగా నాన్నకు గేరు ఊడిందట. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఇంటికొచ్చి, గుమ్మంలోనే గోడకు చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

"క్లచ్ పట్టకుండ గేర్లేస్తడు. లోపలంత అరగ్గొట్టిండు."

బాబాయి కూడా గోడకే జవాబిచ్చాడు. "బూట్లేసుకొని గేరును తంతరు. గట్ల తంతె ఇనుమైనా ఆగుతదా?"

బండి విప్పించి తప్పెవరిదో తేల్చాలని, తప్పు చేసినవాడు వెనక గదుల్లోకి పోవాలని, వాకిట్లో అడ్డంగా గోడ లేపాలని నాన్న పంతం పట్టాడు. సరేనన్నాడు బాబాయి. ఇటుకలు కూడా వచ్చి పడ్డాయి.

నన్నెవరూ అడగలేదు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాకు జడ వేసింది, అన్నం కలిపి పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చున్నది మా చిన్నమ్మ, అంటే బాబాయి భార్య. తప్పు ఎవరిదని తేలినా గోడ లేస్తుంది, చిన్నమ్మ అవతలి వైపు ఉండిపోతుంది. ఒక ఇనప డబ్బాలో ఏదో పాడైనందుకు నాకు అమ్మ లేకుండా పోతుందన్నమాట. ఆ ఇద్దరి మీదా నాకు ఒళ్ళు మండిపోయేది.

చిన్నమ్మే మా మేనత్తకు కబురు పంపింది. అత్త వాళ్ళిద్దరికీ అక్క. కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో పనిచేసేది. విరిగిన ముక్క చూసి ఎందుకు విరిగిందో చెప్పడమే ఆమె ఉద్యోగం. నోరు మాత్రం మహా చెడ్డది. ఎవరి ముఖం చూసీ మాట తగ్గించేది కాదు.

ఆదివారం పొద్దున వచ్చి, చీర చెంగు బిగించి, బండి పక్కన పీట వేసుకుంది. గేర్ బాక్స్ నూనె పళ్ళెంలోకి వంపితే అందులో ఇనప రజను తళతళమంది. "చూసినవా" అని ఇద్దరూ ఒకేసారి గోడతో అన్నారు. అత్త పట్టించుకోలేదు. మూత విప్పి, ఒక్కొక్కటే బయటికి తీసి కిరసనాయిలుతో కడిగి, రెండో గేరును ఎండకు పట్టి తిప్పి చూసింది. గేరు పక్కన చిన్న కొమ్ముల్లాంటివి ఉంటాయి, అవి పక్క గేరులో దిగి పట్టుకుంటేనే బండి లాగుతుంది. వాటి అంచులు గుండ్రంగా అరిగిపోయాయి.

"తన్నితే చిట్లుతయ్. ఇవి చిట్లలే, కొసలు అరిగినయ్" అంది అత్త. "గేరు పూర్తిగ పడకుంట సగమే పడుతున్నది. సగం సగం ఏస్తున్నదెవ్వరు?"

ఇద్దరూ నేను కాదన్నారు. అత్త అన్నీ మళ్ళీ లోపల పెట్టి, బండిని స్టాండు మీద నిలబెట్టి, గేరు పెడల్‌కు పైనా కిందా నా కాటుక పూసింది. నువ్వు నడిపేటట్టు వెయ్యమని నాన్నతో అంది. నాన్న స్పానర్ తీసుకుని, పెడల్ ఊడదీసి, బూటు ముందుభాగం కింద దూరేలా కొంచెం పైకి బిగించాడు. మూడు నుంచి రెండుకు ఎత్తాడు. పెడల్ పైనున్న ఇనుముకు తగిలి మధ్యలోనే ఆగింది. కాటుక అక్కడ అంటుకుంది. తర్వాత బాబాయి వచ్చి, చెప్పుల కాలికి అందాలని దాన్ని కిందికి దించి బిగించాడు. ఒకటి నుంచి రెండుకు తొక్కాడు. పెడల్ కాలు పెట్టుకునే రాడ్డుకు తగిలి అదీ సగంలోనే ఆగింది. కాటుక అక్కడా అంటుకుంది.

ప్రతి ఆదివారం ఇద్దరూ ఇదే పని చేస్తున్నారు. అవతలివాడు పెడల్ మార్చాడని ఇద్దరికీ తెలుసు. ఎందుకు మార్చావని అడిగితే మాట్లాడినట్టవుతుందని అడగలేదు.

అత్త చేతులు తుడుచుకుంటూ లేచింది. "గీ బండి నాకిస్తనన్నడు బాపు. ఆడిపిల్లకు బండెందుకని మీరే గుంజుకున్నరు. కాలు యాడ పెట్టాల్నో మాట్లాడుకునే తెలివి లేదు గని, గోడ కడతరంట గోడ. ఇద్దరిల ఒక్కనికన్న సిగ్గుండాలె."

నాన్న ముఖం కందిపోయింది. "పెండ్లై పోయినదానివి, మా ఇంట్ల నీ పెత్తనమేంది?"

"అన్న అన్నది నిజమే" అన్నాడు బాబాయి. "పిలిస్తె వచ్చి మా ఇజ్జత్ తీస్తవా?"

అన్న అనే మాట బాబాయి నోటి నుంచి విని ఎంత కాలమైందో. అది మాత్రం ఎవరూ గమనించినట్టు లేదు. అత్త నూనె చేతులతోనే సంచి పట్టుకుని, భోజనం కూడా చేయకుండా వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి అన్నదమ్ములకు శత్రువు దొరికింది. అక్క ముందు తల దించేది లేదని ఇద్దరూ కలిసి పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి ఒక గేరు వెతికి తెచ్చారు. ఇద్దరూ చెప్పులతోనే నడపాలని ఒప్పుకుని, పెడల్ ఎక్కడా తగలనిచోట బిగించారు. పని చేసినంతసేపూ ఆమెను తిట్టారు. గోడ ఊసు మళ్ళీ ఎత్తలేదు. చిన్నమ్మ నా జడ అల్లుతూనే ఉంది.

కొద్దిరోజులకు చిన్నమ్మ నన్ను వెంటబెట్టుకుని, ఇంట్లో చెప్పకుండా కంచన్‌బాగ్ వెళ్ళింది. అత్త నన్ను దగ్గరికి తీసుకుని మెల్లగా అడిగింది.

"ఇంక నన్ను తిడుతున్నరా?"

"రోజు తిడుతున్నరు."

"ఒక్క దగ్గర కూసొని తిడుతున్నరా?"

"అన్నం తినుకుంట, ఒక్క దగ్గర్నే" అన్నాను.

"గైతే సాలు" అని అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. తమ్ముళ్ళు ఆమె గడప తొక్కడానికి ఏళ్ళు పట్టింది. అలా అవుతుందని ఆమెకు బండి విప్పిన ఆ ఆదివారం పొద్దునే తెలుసని, తెలిసే నోరు చేసుకుందని నాకు చాలా కాలానికి గాని అర్థం కాలేదు.

ఇప్పుడు మా కుటుంబంలో ఎవరికి తగాదా వచ్చినా నన్ను పిలుస్తారు. నేను ఎవరి పక్షమూ పట్టను, తీయగా సర్దిచెప్పను. ఇద్దరి తప్పూ ఇద్దరి ముఖం మీదే చెప్పి తిట్లు తిని వస్తాను. ముసల్దానికి నోటి దురుసు అంటారు, అననివ్వండి. నేను గుమ్మం దాటాక నన్ను తిట్టే గొంతులు రెండూ ఒకే గదిలోంచి వినిపిస్తే, నా పని అయిందనుకుని ఇంటికొస్తాను.